వెనుక కూర్చుండువారి బరువు

దశరథ మహారాజు దేవతల పక్షమున యుద్ధమునకు బోయినపుడు కైకేయి వెంట నుండెననియు, గాయపడి మూర్ఛిల్లిన భర్తను రణరంగమునుండి తప్పించి కాపాడెననియు రామాయణము చెప్పుచున్నది. జనుల నోట నా కథకు మఱియొక ముచ్చట చేరినది. రథచక్రపు సీల యూడిపోగా, ఆమె తన వ్రేలినే యిరుసున నుంచి చక్రము జాఱకుండ నిలిపినదట! చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదువుకొనునపుడు ఆ తల్లి సాహసమునకు నేను అబ్బురపడితిని. ఇప్పుడు నాకు వేఱొక సంగతి తోచుచున్నది. సారథి దృష్టి గుఱ్ఱములపై నుండును. రాజు దృష్టి శత్రువుపై నుండును. చక్రమును కనిపెట్టి చూచినది రథమునందు కూర్చున్న యిల్లాలు.

ఈ కాలమున మనబోటి సంసారములకు రథము మోటారు సైకిలే గదా! మావారు బడికి పోవుటకు అదియే. నేను బజారునకును, దుర్గమ్మ గుడికిని, పుట్టింటికిని పోవుటకు అదియే. పెట్రోలు ధర యెంతయో మనకు తెలియును. బండి కొన్న వాయిదాలు ఎన్నడు తీఱినవో తెలియును. చక్రములలో గాలి యెంత యున్నదో, ఎంత యుండవలెనో మాత్రము మనలో తెలిసినవారు అరుదు. ఏడేండ్లు నాకును తెలియదు. తెలిసికొన్న విధము చెప్పెదను. నావలె దెబ్బతిని తెలిసికొనవలసిన గతి మీకు పట్టకుండుగాక యని వ్రాయుచున్నాను.

గడచిన వేసవిలో ఉయ్యూరు ప్రాంతమున నున్న మా పుట్టింటినుండి భవానీపురమునకు తిరిగి వచ్చుచుంటిమి. అమ్మాయిని అమ్మమ్మ యొద్దనే విడిచితిమి. అది మా యదృష్టము. ముందు పెట్రోలు ట్యాంకుపై 25 కిలోల బియ్యపు మూట, వెనుక నేను, నా యొడిలో కొత్తావకాయ జాడీ. సుమారు 40 కిలోమీటర్ల దారి. ఎండ నిప్పులు చెఱుగుచుండెను. కంకిపాడు దాటినది మొదలు బండి వెనుకభాగము నీటిలో పడవవలె మెల్లగా ఊగుచుండుట నాకు తెలియుచునే యుండెను. ఎదురుగాలి కాబోలు ననుకొని మావారితో చెప్పనైతిని. ఇంద్రకీలాద్రి పాదమున 2020లో తెఱచిన కనకదుర్గ ఫ్లైఓవరు నెక్కి, మా పేట వైపు దిగుచుండగా ముందు పోవుచున్న ఆటో హఠాత్తుగా నిలిచినది. మావారు బ్రేకు వేసిరి. వెనుక చక్రము తోక విసరినట్లు ప్రక్కకు పోయినది. మఱుక్షణమున మేమిరువురమును నేలపై నుంటిమి. వెనుక వచ్చుచున్న లారీ మాకు నాలుగు బారల దూరమున ఆగినది. దాని ముందు చక్రము నేటికిని నా కలలోనికి వచ్చుచుండును.

మావారి మోకాలు చీరుకొనిపోయినది. నా మోచేయి చర్మము లేచిపోయినది. ఇద్దఱకును హెల్మెట్లుండుటచే తలలు దక్కినవి. జాడీ పగిలి ఆవకాయ రోడ్డుపాలు కాగా, ఆ యెఱ్ఱదనమును జూచి రక్తమనుకొని ఎవరో కేకలు వేసిరి. ఇంటికి వచ్చిన పిదప ఇద్దఱమును ఒక్క మాటయే తలచి, పైకి అనలేక యూరకుంటిమి: బిడ్డ మా నడుమ లేదు గదా యని.

మఱునాడు బండిని మా వీథి చివర మెకానిక్కు సాయిబుగారి కొట్టునకు తోసికొనిపోయిరి. నేనును వెంట బోయితిని. సాయిబుగారు వంగిన పెడలును చూడకమునుపే వెనుక టైరును బొటనవ్రేలితో నొక్కి, గాలి కొలిచి, "మాస్టారూ, దీనిలో పందొమ్మిదే యున్నది. ఇద్దఱు కూర్చుండు బండికి ఇది ఏ మూలకు?" అని యడిగిరి.

"మొన్న నెలలో కొట్టించితిని గదా!" అని మావారు.

"ఎంత కొట్టించినారు?"

"వాడెంత కొట్టెనో నేను చూడలేదు."

సాయిబుగారు నవ్వి, వెనుక స్ప్రింగుల క్రింద మెట్లు మెట్లుగా కోసిన ఉక్కు కంకణమువంటి దానిని చూపిరి. "ఇది కంపెనీనుండి ఎట్లు వచ్చినదో అట్లే యున్నది. ఒక్కరు నడుపుటకు పెట్టిన మెట్టు. అమ్మగారి బరువును ఈ బండికి ఇంతవఱకు ఎవరును చెప్పలేదు" అనిరి.

ఆ మాట నా మనసున నాటినది. మన చట్టము మన చీర చెంగును గూర్చి యాలోచించినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వది, వెనుక కూర్చుండువారి వస్త్రములు చిక్కుకొనకుండ వెనుక చక్రమునకు సగము మేరయైనను కప్పు ఉండవలెననియు, పట్టుకొనుటకు పిడియు, పాదములు మోపుటకు ఆధారమును ఉండవలెననియు విధించుచున్నది. చెంగునకు వలయు రక్షణ బండితోనే వచ్చును. మన బరువునకు తగిన గాలిని, స్ప్రింగును అమర్చుకొనుట మాత్రము ఇంటివారి పని. సాయిబుగారి యొద్దను, బండితో వచ్చి యేడేండ్లు బీరువాలో నిద్రించిన పుస్తకమునందును నేర్చుకొన్నంత క్రింద వ్రాయుచున్నాను.

గాలి చేయు పని

1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికి రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. అంతకు మున్ను 1845లోనే రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు అట్టి చక్రమునకు పేటెంటు పొందియుండెనుగాని, అది లోకమున వ్యాపింపలేదు. పసివాని బండితో వ్యాపించిన వస్తువగుటచే కాబోలు, టైరులోని గాలి కుదుపు తగ్గించుటకే యున్నదని మనము తలచుచుందుము. అది సగము నిజము. బండి బరువును, మన బరువును ముఖ్యముగ మోయుచున్నది లోపలి గాలియే.

ఒక చిన్న లెక్క చూడుడు. వెనుక చక్రముపై 150 కిలోలు, అనగా సుమారు 330 పౌనుల బరువు పడినదనుకొందము. గాలి యొత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు. గాలి కొట్టువారు "ముప్పది", "నలుబది" యని చెప్పునది దీనినే. లోపల 40 ఉన్నచో, ఆ బరువును మోయుటకు టైరు సుమారు 8 చదరపు అంగుళముల మేర నేలకు ఆనిన చాలును. 28 ఉన్నచో 12 అంగుళములు కావలయును. మా బండివలె 19 మాత్రమే యున్నచో 17 అంగుళములకు మించి కావలయును. టైరు గోడల బిగువు కొంత సాయపడును గాన ఈ లెక్క చుక్క తప్పనిది కాదు, తీరు మాత్రమిదియే.

అంత మేర ఆనుటకై టైరు నలుగును. చక్రము తిరిగిన ప్రతిసారియు దాని ప్రక్కగోడ వంగుచు లేచుచు నుండును. ఇనుప తీగను అటునిటు పలుమాఱు వంచినచో వంగినచోట వేడెక్కునట్లు, ఆ రబ్బరు లోలోపల కాగును. కాగిన టైరు బలము తగ్గి, పగిలిపోవుట కూడ కలదు. పెట్రోలు వృథా యగును. టైరు అంచులు త్వరగా అరుగును. అన్నిటికంటె ముఖ్యము, మలుపునను బ్రేకు వేసినపుడును చక్రము నొక దిక్కునకు, టైరు మఱియొక దిక్కునకు లాగును. కంకిపాడు దాటినపుడు నేను ఎదురుగాలి యనుకొన్న ఊపు ఇదియే.

అట్లని మితిమీరిన గాలియు మేలు కాదు. అపుడు టైరు నడుమ మాత్రమే నేలను తాకును, పట్టు తగ్గును, ప్రతి గులకఱాతికిని బండి యెగిరిపడును. వానకాలమున గాలి తగ్గించిన పట్టు హెచ్చునని కొందఱందురు. తారురోడ్డుపై నది పొరపాటు. గాలి తక్కువైన టైరు గాళ్లు మూసికొనిపోయి నీటిని వెలికి త్రోయజాలక, నీటిపొరపై జాఱును.

ఎంత గాలి యుండవలెను?

దీనిని మనము ఊహింపనక్కఱలేదు. బండితో వచ్చిన పుస్తకములోను, చాల బండ్లకు గొలుసు కప్పుపైనను అంటించిన చీటిలోను మూడు అంకెలుండును: ముందు చక్రమునకు ఒకటి, ఒక్కరే పోవునపుడు వెనుక చక్రమునకు ఒకటి, ఇద్దఱు పోవునపుడు వెనుక చక్రమునకు ఒకటి. ఆ మూడవ యంకె మనది! మన యూళ్లలో తఱచుగా కనబడు 100 సి.సి. తరగతి బండ్లకు ముందు 25 ప్రాంతమునను, వెనుక ఒక్కరికి 28 ప్రాంతమునను, ఇద్దఱకు 30 మించి, కొన్నిటికి 40 వఱకును ఉండును. ఇవి తీరు తెలియుటకు చెప్పినవి. మీ బండికి మీ పుస్తకమే ప్రమాణము. మీరే స్కూటరు నడుపువారైనచో దాని యంకెలు వేఱుగా నుండును, అవియు చూచుకొనుడు. టైరు గోడపై అచ్చువేసిన పెద్ద అంకెను జూచి అంత కొట్టింపరాదు. అది ఆ టైరు ఓర్చుకొను హద్దు మాత్రమే.

వారమున ఆఱు దినములు మావారొక్కరే పోవుదురు; ఆదివారము ఇద్దఱము పోవుదుము. అట్టి యిండ్లలో ఆదివారము బయలుదేరుటకు ముందు ఇద్దఱ కొలతకు పెంచుకొని, సోమవారము తగ్గించుకొనుట పద్ధతి. నిత్యమును ఇద్దఱు పోవు నింటిలో ఇద్దఱ కొలతయే యుండవలెను.

ఎప్పుడు కొలువవలెను?

ఉదయమున, ఎండ తగులకముందు, బండి కదలకముందు. వేడికి గాలి వ్యాకోచించునని చిన్న తరగతిలోనే చదువుదుము. టైరులో నది ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటి, ఒకటిన్నర పౌను హెచ్చును. మన బెజవాడలో వేసవి యెండ 44, 45 డిగ్రీలకు పోవుట కలదు. తారు అంతకంటె కాగియుండును. అపుడు దూరము పోయి వచ్చిన టైరును కొలిచి, హెచ్చుగా నున్నదని తీసివేసినచో, రాత్రి చల్లాఱునప్పటికి తక్కువైపోవును. వేసవిలో నింపి మఱచిన గాలి మార్గశిరపు ఉదయమునకు చలివలననే రెండు మూడు పౌనులు తగ్గును. ఏ లోపమును లేకున్నను నెలకు ఒకటి రెండు పౌనులు టైరునుండి మెల్లగా జాఱుచుండును.

గాలి కొట్టు యంత్రముల ముల్లులు అన్నియు ఒక్కతీరున చెప్పవు. కావున చిన్న ప్రెషర్ గేజు నొకటి యింటికి కొనుకొంటిమి. ఆదివారము ఉదయమున మావారు కొలిచి చెప్పగా, పాల లెక్క వ్రాయు క్యాలెండరులోనే రెండంకెలను నేను వ్రాయుదును. శ్రావణమున ఒక వారములోనే వెనుక చక్రము నాలుగు పౌనులు తగ్గినట్లు ఆ లెక్క చెప్పినది. చేతితో నొక్కిన ఏమియు తెలియలేదు. సాయిబుగారు వెదకగా సన్నని మేకు దొరకినది. అంకెలు వ్రాయనిచో అది మాకు నడిరోడ్డున దొరకియుండును. గాలి నింపిన పిదప వాల్వు మూత తప్పక పెట్టవలెను. దుమ్ము చేరినచో అక్కడనుండియే గాలి పోవును. నైట్రొజను నింపించుకొనుడని కొన్నిచోట్ల చెప్పుదురు. మామూలు గాలిలో నూటికి 78 పాళ్లు అదియే. వారము వారము కొలుచుకొనువారికి మామూలు గాలి చాలును.

స్ప్రింగుల సంగతి

ముందు చక్రమున కిరుప్రక్కల నున్న గొట్టములలోను, వెనుక షాకబ్జార్బర్లలోను స్ప్రింగును, నూనెయు కలసి పనిచేయును. స్ప్రింగు గోతి దెబ్బను మ్రింగును. అది యుయ్యాలవలె ఊగుచునే యుండకుండ నూనె నిలుపును.

చిన్న బండ్లకు మనము మార్చుకొనదగినది వెనుక స్ప్రింగుల క్రింది మెట్ల కంకణమొక్కటియే. దానిని హెచ్చు మెట్టునకు త్రిప్పినచో స్ప్రింగు ముందుగానే కొంత అదిమి యుంచబడును. అందుచే మనము కూర్చున్నపుడు బండి వెనుకభాగము మితిమించి క్రుంగదు. మెట్టు పెంచక ఇద్దఱు కూర్చున్నచో మూడు కీడులు కలుగును. వెనుక క్రుంగి ముందు తేలికయై హాండిలు మాట వినదు. దీపపు వెలుగు పైకెగసి ఎదుటివారి కన్నులలో పడును. గోతిలో పడినపుడు స్ప్రింగు క్రుంగుటకు చోటు లేక, దెబ్బ నేరుగా వెనుక కూర్చున్న మన నడుమునకు తగులును.

ఆ కంకణమును త్రిప్పుటకు కొంకివంటి స్పానరు బండితో వచ్చు పనిముట్లలో నుండును. చాల బండ్లకు ఐదు మెట్లుండును. కుడియెడమలు రెండును ఒకే మెట్టున నుండవలెను. మనము ఒక ప్రక్కకు కాళ్లు పెట్టి కూర్చుందుము గాన ఆ ప్రక్క మెట్టు హెచ్చింపవలదా యని నేను సాయిబుగారి నడిగితిని. "అట్లు చేసినచో బండి వంకరగా క్రుంగును. మీరు సీటు చివరకు పోక, మాస్టారికి దగ్గఱగా కూర్చుండుడు; అది చాలును" అనిరి. వెనుక ఒక్కటే షాకబ్జార్బరు గల బండ్ల సంగతి మెకానిక్కునకు వదలుట మంచిది.

మెట్టు సరిపోయినదో లేదో బట్టలు కుట్టు టేపుతో ఇంటనే కొలువవచ్చును. బండికి మధ్య స్టాండు వేసి, వెనుక చక్రము నేలకు తగులకుండ, చక్రపు ఇరుసునుండి నిలువుగా సీటు క్రింద ఒక గుర్తు వఱకు కొలువుడు. పిదప స్టాండు తీసి, ఇద్దఱును నిత్యము కూర్చుండునట్లు కూర్చుండగా, ఒకరు పట్టుకొని యుండ మఱియొకరు అదే కొలత తీయవలెను. రెంటికిని గల భేదమే బండి క్రుంగిన దూరము. మొత్తము క్రుంగదగిన దానిలో సుమారు మూడవవంతు క్రుంగుట మేలు. చిన్న బండ్లకు అది 3 సెంటీమీటర్ల ప్రాంతము. మాది మొదట 5 దాటినది. రెండు మెట్లు హెచ్చించిన పిదప మూడున్నరకు వచ్చినది.

నూనె సంగతి తెలియుటకు, ముందు బ్రేకు పట్టి హాండిలును గట్టిగా క్రిందికి నొక్కి విడువుడు. ఒక్కసారి లేచి నిలిచినచో మంచిది. రెండు మూడు మాఱులు ఊగినచో నూనె మార్పింపవలెను. ముందు గొట్టములపై జిడ్డు కనబడినచో ఒక్క దినమైనను ఆలసింపరాదు. ఆ నూనె కాఱి బ్రేకునకు తగిలినచో బ్రేకు పట్టదు. టైరు గోడపై నాలుగంకెలు కల చిన్న గుర్తును చూడుడు. 2319 అని యున్నచో, అది 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్ల నడుమ నున్న చిన్న దిమ్మల మట్టమునకు టైరు అరిగినచో, గాలి యెంత సరిగా నున్నను దానిని మార్పవలసినదే.

మా తప్పు

గాలియు, మెట్టును మోయలేని బరువు కూడ కలదు. పుస్తకములో మా బండి మోయదగిన బరువు 130 కిలోలని యున్నది. ఆనాడు మావారు 68, నేను 60, బియ్యము 25, వెరసి 153. జాడీని లెక్కింపలేదు! ఆ తప్పు గాలి కొట్టినవానిది కాదు, మాది. ఇప్పుడు బియ్యపు మూట బస్సులో వచ్చుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, నడుపువారు గాక వెనుక ఒక్కరినే యెక్కించుకొనవలెననియు, నాలుగేండ్లు దాటిన వారందఱును హెల్మెట్టు ధరింపవలెననియు చెప్పుచున్నది. అమ్మాయితో కలసి పోవలసినపుడు మేమును బస్సే యెక్కుచున్నాము. మొదట కష్టముగా తోచినది, ఇప్పుడు అలవాటైనది.

నేను బండి పుస్తకము తీసినపుడు "ఇవియన్నియు నీకేల?" అని మావారు నవ్విరి. నేను మోచేతి మచ్చను చూపితిని. నేడు ఆదివారము వచ్చినచో వారే గేజు పట్టుకొని, "క్యాలెండరు తెమ్ము" అని పిలుచుచున్నారు. గత నెలలో ఇరువురమును ఉయ్యూరు పోయి వచ్చితిమి. కంకిపాడు దాటినపుడు నేను చెవులు రిక్కించి, ఒడలెల్ల కనులు చేసికొని కూర్చుంటిని. బండి యూగలేదు. ఫ్లైఓవరు దిగినపుడు దుర్గమ్మకు చేతులు జోడించితిని.

బండి నడుపువారి కన్నులు దారిపై నుండవలెను. వెనుక చక్రము ఊగుట, క్రుంగుట, జాఱుట ముందుగా తెలియునది దానిపై కూర్చున్న మనకే. తెలిసిన క్షణమున నోరు విప్పి "ఆపుడు" అని చెప్పుట మన వంతు. సోదరీమణులారా! ఈ యాదివారము మీ యింటివారిని ఒక్క మాట యడుగుడు: "ఏమండీ, ఇద్దఱకు ఎంత గాలి యుండవలెను?" వారికి తెలియనిచో కోపింపక, బీరువాలోని పుస్తకము తీసి యిద్దఱును కలసి చూడుడు. మీ బరువును మీ బండికి చెప్పుడు.